కర్నూలు మిద్దె మీద సోలార్: నెలకు 300 యూనిట్ల ఇంటికి 2 కిలోవాట్లా, 3 కిలోవాట్లా? బ్యాటరీ ఇప్పుడే పెట్టాలా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. ఇంటి వివరాలన్నీ ముందే రాస్తున్నా, లెక్క తెలిసినవాళ్లు దారి చూపించండి.

కరెంటు వాడకం మామూలు నెలల్లో 300 యూనిట్లు, ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఏసీ వల్ల 450 దాకా. సింగిల్ ఫేజ్, మంజూరైన లోడు 2 కిలోవాట్లు. ముందు భాగం సిమెంటు స్లాబు మిద్దె, 20 అడుగులు × 15 అడుగులు. వెనక భాగం పాతది, దూలాల మీద బేతంచెర్ల బండలు పరిచిన మిద్దె. దక్షిణం వైపు మూలన 6 అడుగుల ఎత్తులో వాటర్ ట్యాంకు ఉంది. మిద్దె మీది నుంచి మీటరు దాకా వైరు దారి దాదాపు 40 మీటర్లు. సాయంత్రాలు అప్పుడప్పుడు గంట, రెండు గంటలు కోత ఉంటుంది. మెట్లగదిలో 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు, 24 వోల్టుల సైన్‌వేవ్ ఇన్వర్టర్ ఉన్నాయి.

ఒక వెండర్ "సబ్సిడీ పూర్తిగా రావాలంటే 3 కిలోవాట్లు పెట్టించండి" అంటున్నారు. ఇంకొకరు హైబ్రిడ్ ఇన్వర్టర్ (సోలార్, బ్యాటరీ రెండూ నడిపేది), లిథియం బ్యాటరీతో కలిపి 5 కిలోవాట్లకు కొటేషన్ ఇచ్చారు. మూడో మాట ఏమంటే, ప్యానెళ్ల రేట్లు, బ్యాటరీల రేట్లు ఏటేటా ఇలా పడిపోతుంటే ఇంకో రెండేళ్లు ఆగడమే మేలని. ఏది నమ్మాలి?

స్లాబు_లెక్క (అనంతపురం)

ముందు బిల్లు లెక్క చూద్దాం, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. మన ఇళ్ల సర్వీసులకు 2022లో వచ్చిన రేటు స్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. సర్దుబాటు చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. ఈ స్లాబులతోనే కింది లెక్క వేశాను, మీ తాజా బిల్లు పక్కన పెట్టుకుని సరిచూసుకోండి.

300 యూనిట్లకు: 57 + 135 + 225 + 600 + 656 = రూ.1,673. మన ఎండకు ఒక కిలోవాట్ ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు, నెలకు 120 ఇస్తుందనుకోండి.

మొదటి కిలోవాట్ పెడితే నికరంగా 180 యూనిట్లు మిగులుతాయి, బిల్లు రూ.747. అంటే ఆ ఒక్క కిలోవాట్ రూ.926 మిగిల్చింది. రెండోది పెడితే 60 యూనిట్లు, బిల్లు రూ.147, మిగిలింది ఇంకో రూ.600. మూడోది పెడితే మిగతా రూ.147 కూడా పోతుంది, 60 యూనిట్లు లైనుకు ఎదురు పోతాయి. ఒకే ప్యానెల్, ఒకే ఎండ. కానీ మొదటి కిలోవాట్ కోసేది రూ.8.75, రూ.6 యూనిట్లను, మూడోది కోసేది రూ.1.90, రూ.3 యూనిట్లను. వెండర్లు "నెలకు 360 యూనిట్లు గుణించు 8 రూపాయలు" అని చూపించే లెక్క తప్పయ్యేది ఇక్కడే.

ఇప్పుడు సబ్సిడీ. పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ.30,000, మూడోదానికి రూ.18,000, మొత్తం రూ.78,000కు మించదు. కేంద్రం పెట్టుకున్న ప్రామాణిక ధర మొదటి రెండింటికి కిలోవాట్‌కు రూ.50,000, మూడోదానికి రూ.45,000. ఆ ధర ప్రకారం 2 కిలోవాట్లకు మీ చేతి డబ్బు రూ.40,000, 3 కిలోవాట్లకు రూ.67,000. బయట కొటేషన్లు ఇంతకంటే ఎక్కువే వస్తాయి, కానీ నిష్పత్తి ఇదే. "పూర్తి సబ్సిడీ" కోసం మూడో కిలోవాట్ పెడితే, రూ.18,000 తెచ్చుకోవడానికి రూ.27,000 పెట్టినట్టు.

మీ ఎండాకాలం వాడకం మాత్రం మూడోదానికి కొంత బలం ఇస్తుంది. 450 యూనిట్ల నెలలో బిల్లు రూ.3,036. 2 కిలోవాట్లతో రూ.927కు దిగుతుంది, 3తో రూ.260కి. తేడా రూ.667. మూడు నెలలు 667, తొమ్మిది నెలలు 147 చొప్పున ఏడాదికి సుమారు రూ.3,300. మూడో కిలోవాట్ డబ్బు తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు పడుతుంది. మొదటి రెండింటికి సుమారు రెండేళ్లే. ఎదురు పోయిన యూనిట్లు తర్వాతి బిల్లుకు జమ అయినా, గడువు ముగిసేసరికి మిగిలినవాటికి ఇచ్చే రేటు పై స్లాబు రేటుకు దగ్గర్లో ఉండదు.

నా మాట 2 కిలోవాట్లు. స్ట్రక్చర్ మాత్రం ఇంకో రెండు ప్యానెళ్లు పట్టేలా కట్టించండి, ఇన్వర్టర్ 3 కిలోవాట్లది తీసుకోండి. ఇంకో ఏసీ వచ్చినా, కరెంటు స్కూటర్ కొన్నా అప్పుడు పెంచుకోవచ్చు. ఒక్క షరతు: సబ్సిడీ రెండోసారి వస్తుందని లెక్కలో వేసుకోవద్దు.

ఎర్రమల_కొండ (ఓర్వకల్లు)

ఆగాలా వద్దా అన్నదానికి జవాబు రేట్లు ఎందుకు పడ్డాయో తెలిస్తే తేలిగ్గా వస్తుంది. ఈ విషయంలో మన రాయలసీమ జిల్లాలే సాక్ష్యం.

2010లో దేశంలో తొలి పెద్ద సోలార్ టెండర్లలో యూనిట్ రూ.11 నుంచి రూ.12 పైన పలికింది. ఇక్కడ గని, శకునాల దగ్గర వచ్చిన 1,000 మెగావాట్ల పార్కులో 500 మెగావాట్లకు 2015 నవంబరులో రూ.4.63 వచ్చింది. అప్పటికి అది సంచలనం, అంత తక్కువకు ఎవరూ కట్టలేరన్నారు. 2017 ఏప్రిల్‌లో ఎన్టీపీసీ కడప టెండర్ రూ.3.15 దగ్గర ముగిసింది. అదే ఏడాది మే నెలలో రాజస్థాన్ భడ్లాలో రూ.2.44. 2020 డిసెంబరులో గుజరాత్‌లో రూ.1.99. పదేళ్లలో ఆరో వంతు అయింది. బొగ్గు కరెంటు కంటే సోలార్ చవక అవుతుందని 2010లో అంటే నవ్వేవాళ్లు.

ఎలా సాధ్యమైంది? ఒకే ఒక్క గొప్ప ఆవిష్కరణ వల్ల కాదు. వాట్‌కు ఖర్చయ్యే సిలికాన్ ఇరవై ఏళ్ల కింద 16 గ్రాములు, ఇప్పుడు 2 గ్రాములకు దగ్గర. సిలికాన్ దిమ్మెను వజ్రపు పొడి అద్దిన సన్నని తీగతో కోయడం మొదలయ్యాక రంపపు పొట్టుగా పోయేది తగ్గింది, పలక మందం 180 మైక్రాన్ల నుంచి 130కి వచ్చింది. సెల్‌ను పెర్క్ అనే రకంగా, ఆ తర్వాత టాప్‌కాన్ అనే రకంగా మార్చి అదే వైశాల్యం నుంచి ఎక్కువ వాట్లు పిండారు. ప్రపంచంలో మొత్తం ప్యానెళ్లు రెట్టింపైన ప్రతిసారీ ధర సుమారు 20 శాతం పడుతూ వచ్చింది, నలభై ఏళ్లుగా ఇదే వరస.

మరి ఆగితే లాభమేగా అంటే, మీ ఇంటి విషయంలో కాదు. ఇప్పుడు మీరు పెట్టే డబ్బులో ప్యానెల్ సగం కంటే తక్కువ. మిగతాది ఇన్వర్టర్, ఇనుము, వైర్లు, ఎర్తింగ్, కూలి. ఇనుము, కూలి తగ్గేవి కావు. పైగా సబ్సిడీ కావాలంటే సెల్ కూడా దేశంలోనే తయారైన ప్యానెల్ పెట్టాలి, దాన్ని డీసీఆర్ అంటారు. చైనా ధర ఎంత పడినా డీసీఆర్ ధర వెంటనే అంత పడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, కొటేషన్‌లో అది కనబడుతోందో లేదో చూడండి. రెండేళ్లు ఆగితే ప్యానెల్ మీద కొన్ని వేలు మిగులుతాయేమో, ఈలోపు 2 కిలోవాట్లు మిగిల్చే రూ.1,526 (926 + 600) నెల నెలా పోగొట్టుకుని 24 నెలలకు రూ.36,600 బిల్లు కడతారు.

బ్యాటరీ సంగతి వేరు. అక్కడ ఆగడంలో అర్థం ఉంది. లిథియం ప్యాకు ప్రపంచ సగటు ధర 2010లో కిలోవాట్‌అవర్‌కు 1,000 డాలర్ల పైన, 2024లో 115. మన దేశంలో లైనుకు కట్టే పెద్ద బ్యాటరీల టెండర్లు 2022లో మెగావాట్‌కు నెలకు రూ.10.83 లక్షలు, 2024 మార్చిలో రూ.4.49 లక్షలు, ఆ ఏడాది చివరికి రూ.2.21 లక్షలు. రెండేళ్లలో ఐదో వంతు! ప్యానెళ్లకు పదేళ్లు పట్టిన పతనం అది. మన పక్కన పిన్నాపురం దగ్గర పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి సాయంత్రం కిందికి వదిలి 1,680 మెగావాట్లు తీసే ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు బ్యాటరీ దానికి పోటీ వస్తుందని ఎవరూ అనుకోలేదు.

పెన్నేటి_గాలి (కడప)

ధరల గురించి పైన బాగా చెప్పారు. నేను మిద్దె గురించి చెబుతా. మన ఊళ్లలో సోలార్ పాడయ్యేది ప్యానెల్ వల్ల కాదు, ఎక్కువగా గాలివాన వల్ల.

540 వాట్ల ప్యానెల్ దాదాపు 2.28 మీటర్లు × 1.13 మీటర్లు, బరువు 28 కిలోల దాకా. అందరూ "మిద్దె బరువు మోస్తుందా" అని అడుగుతారు. అడగాల్సింది గాలికి లేస్తుందా అని. గాలి లెక్కల ఐఎస్ 875 ప్రమాణంలో కర్నూలుకు వేగం సెకనుకు 39 మీటర్లు. ఒత్తిడి 0.6 × 39 × 39 = 912 న్యూటన్లు, చదరపు మీటరుకు సుమారు 93 కిలోలు. ఒక ప్యానెల్ వైశాల్యం 2.58 చదరపు మీటర్లు కాబట్టి గుండు లెక్కన ఒక్కోదాని మీద 240 కిలోల బలం, 2 కిలోవాట్లకు కావాల్సిన నాలుగింటికి 960. వెండర్లు మామూలుగా పోసే కాంక్రీటు దిమ్మె ఒక్కో వైపు ఒక అడుగు, బరువు 65 కిలోలు. ఆరు పోసినా 390 కిలోలే. దిమ్మెలు ఊరికే పెట్టి బోల్టు బిగించి వెళ్లిపోతే ఏప్రిల్, మే నెలల సాయంత్రపు గాలికి స్ట్రక్చర్ మొత్తం పక్కింటి మిద్దె ఎక్కుతుంది.

కాబట్టి స్లాబుకే పట్టు ఉండాలి. ఇళ్ల స్లాబు మందం నాలుగైదు అంగుళాలు, రంధ్రం 75-80 మిల్లీమీటర్లకు మించి లోతు వద్దు. 12 మిల్లీమీటర్ల బోల్టుకు 14 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, దుమ్మును పంపుతో ఊది, బ్రష్‌తో రుద్ది, మళ్లీ ఊది, అప్పుడు కెమికల్ యాంకర్ గమ్ము నింపాలి. ఆ ఊదే పని ఎగ్గొడతారు. దుమ్ము ఉండిపోతే గమ్ము దుమ్మును పట్టుకుంటుంది తప్ప కాంక్రీటును కాదు, బోల్టు చేత్తో లాగితే వస్తుంది. కాళ్లు దూలాల పైన పడేలా చూసుకోండి. దిమ్మె చుట్టూ వాటర్‌ప్రూఫ్ పూత వేయించండి.

వెనక బండల మిద్దె జోలికి పోవద్దు. బేతంచెర్ల బండైనా, కడప బండైనా పొరలు పొరలుగా ఉండే రాయి. డ్రిల్లు పెడితే రంధ్రం దగ్గర కాదు, పొర వెంట దూరంగా పగులుతుంది. మొదటి వానకు కారేదాకా తెలియదు. పైన మట్టి, చౌడు పరిచిన పాత మిద్దెలకైతే అసలు కూడదు. తప్పదంటే గోడల మీద నుంచి గోడల మీదికి ఇనుప దూలం వేసి దాని మీద నిలబెట్టాలి, ఆ ఖర్చు మీ సబ్సిడీని తినేస్తుంది. మీ ముందు స్లాబు 300 చదరపు అడుగులు. నాలుగు ప్యానెళ్లకు, తుడవడానికి దారితో కలిపి 200 చాలు.

ట్యాంకు నీడ. డిసెంబరులో మధ్యాహ్నం 3 గంటలు దాటాక కర్నూలులో సూర్యుడు సుమారు 31 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 6 అడుగుల ట్యాంకు నీడ పది అడుగుల దాకా సాగుతుంది. ప్యానెళ్లన్నీ ఒకే వరసలో కలిసి ఉంటాయి కాబట్టి ఒకదాని మీద నీడ పడితే ఆ వరస మొత్తం మీద దెబ్బ. ట్యాంకు నుంచి పది అడుగులు ఉత్తరానికి జరపండి, లేదా ట్యాంకునే ఉత్తరం మూలకు మార్చండి, ప్లంబర్ ఖర్చు ఒక్కసారిదే.

వాలు 12 నుంచి 15 డిగ్రీలు, దక్షిణానికి. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు, కాబట్టి ఎక్కువ వాలు పెడితే నష్టమే.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

చాలా ఉపకారం. 2 కిలోవాట్లకే మొగ్గుతున్నా. రెండు అనుమానాలు. ఒకటి, కరెంటు పోయినప్పుడు పగలైతే సోలార్ నడుస్తుందా? రెండు, ఎండ ఎక్కువున్న మే నెలలో కరెంటు కూడా ఎక్కువ వస్తుందనుకోవచ్చా?

నల్లమల_వోల్టు (కర్నూలు)

రెండింటికీ జవాబు కాదనే.

ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (బ్యాటరీ లేకుండా నేరుగా లైనుకు కలిపేది) లైనులో కరెంటు ఉన్నంతసేపే పనిచేస్తుంది. కోత పడగానే క్షణాల్లో ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం అయినా సరే. అది లోపం కాదు, రక్షణ. స్తంభం ఎక్కిన లైన్‌మన్ లైను చచ్చిందనుకుని తీగ పట్టుకున్నప్పుడు మీ మిద్దె నుంచి కరెంటు ఎదురు వస్తే మనిషి పోతాడు. అందుకే ఆ ఆగిపోయే ఏర్పాటు తప్పనిసరి.

ఇక్కడ మీరు జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. మీ పాత 24 వోల్టుల ఇన్వర్టర్ అలాగే ఉంచండి, కానీ సోలార్ తీగ కలపాల్సింది మీటరు వైపు మెయిన్ లైనుకు. కొందరు ఎలక్ట్రీషియన్లు దగ్గరగా ఉందని ఇన్వర్టర్ నుంచి ఫ్యాన్లు, లైట్లకు పోయే లైనుకు కలిపేస్తారు. కోత పడినప్పుడు సోలార్ ఇన్వర్టర్ ఆ సైన్‌వేవ్‌ను చూసి లైనే వచ్చిందనుకుని 2 కిలోవాట్లు అందులోకి తోస్తుంది. పాత ఇన్వర్టర్ బోర్డు కాలుతుంది, బ్యాటరీ పొంగుతుంది.

40 మీటర్ల వైరు గురించి. ఇది చిన్న విషయంలా కనబడుతుంది, కానీ ఫిర్యాదులు చాలానే దీనివల్ల వస్తాయి. సోలార్ కరెంటు బయటికి పోవాలంటే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజి లైను కంటే కాస్త ఎక్కువ ఉండాలి. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు 40 మీటర్లు పోయి, 40 వచ్చి మొత్తం 0.37 ఓమ్ నిరోధం. 3 కిలోవాట్లకు 13 ఆంపియర్లు, అంటే 4.8 వోల్టులు అక్కడే పెరుగుతాయి. 10 చదరపు మిల్లీమీటర్లయితే 1.9 వోల్టులే. మధ్యాహ్నం వీధిలో అందరి సోలార్ ఒకేసారి తోస్తుంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 248 ఉంటుందనుకోండి. సన్న తీగతో మీ ఇన్వర్టర్ 253 చూస్తుంది, అది 230కి పది శాతం ఎక్కువ, అక్కడ ఆగిపోతుంది. ఐదు నిమిషాలకు మళ్లీ లేస్తుంది, మళ్లీ ఆగుతుంది. బాగా ఎండ కాసే పదకొండు నుంచి రెండు దాకా ఇదే తంతు. యాప్‌లో గ్రాఫ్ రంపపు పళ్లలా కనబడితే కారణం ఇదే. ముందే 6 లేదా 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు రాయించుకోండి. అప్పటికీ వస్తే మీటరు దగ్గర మధ్యాహ్నం వోల్టేజి కొలిచి, ఫొటోతో కరెంటు ఆఫీసు ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) అర్జీ ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చడమో, సర్వీసును వేరే ఫేజ్‌కు మార్చడమో వాళ్ల పని.

ఇక మే నెల ఎండ. ప్యానెల్ వాట్లు 25 డిగ్రీల వేడి దగ్గర కొలిచినవి. బయట 43 ఉంటే మిద్దె మీద ప్యానెల్ 68 దాకా కాగుతుంది. పెర్క్ రకం డిగ్రీకి 0.35 శాతం పోగొట్టుకుంటుంది, అంటే 15 శాతం పోయినట్టే. టాప్‌కాన్ 0.30, అంటే 13 శాతం. కావాల్సింది వెలుతురు, వేడి కాదు. అందుకే మార్చి, ఏప్రిల్‌ల్లో బాగా వస్తుంది, మేలో అదే ఎండకు తక్కువ, ముంగారు మబ్బులు పట్టాక ఇంకా తక్కువ. ప్యానెల్ కింద గాలి ఆడేలా కనీసం జానెడు ఖాళీ ఉండాలి. రేకు మీద అతికించినట్టు బిగిస్తే ఇంకో నాలుగైదు డిగ్రీలు పెరుగుతుంది.

గుత్తి_కోట (అనంతపురం జిల్లా)

దుమ్ము, నీళ్లు ఎవరూ రాయలేదు. మన దగ్గర అవి పెద్ద సంగతి.

ఎండాకాలం 10-15 రోజులకోసారి తుడవాలి. పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చల్లటి నీళ్లు పోస్తే పగలొచ్చు. ప్యానెల్‌కు రెండు మూడు లీటర్లు, మెత్తటి బ్రష్, రబ్బరు వైపర్ చాలు. సబ్బు, యాసిడ్ వద్దు, అద్దం మీది పూత పోతుంది.

అసలు చిక్కు బోరు నీళ్లతో. మన నీళ్లలో ఉప్పులు ఎక్కువ, ఆరితే తెల్లటి చారలు పడతాయి. వారం వారం అలాగే కడిగితే ఏడాదికి అద్దం మీద సున్నం పొర ఏర్పడుతుంది, దుమ్ము కంటే అది అన్యాయం. వాన నీళ్లు పట్టి పెట్టుకోండి, లేదా బోరు నీళ్లతో కడిగిన వెంటనే వైపర్‌తో తడి లేకుండా లాగేయండి. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లను వృథా ఎందుకని మిద్దె మీదికి తీసుకుపోతారు చాలామంది. ఆ నీళ్లలో ఉప్పు మామూలు బోరు నీళ్ల కంటే ఎక్కువ. వాటిని ప్యానెల్ మీద ఎప్పుడూ పోయొద్దు.

కడప జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర, ఎర్రగుంట్ల లాంటి చోట్ల ఉన్నవాళ్లకు ఇంకో మాట. సిమెంటు దుమ్ము రాత్రి మంచుతో తడిసి పొద్దుటికి గట్టిపడుతుంది. అక్కడ పదిహేను రోజులు ఆగితే గీకాల్సి వస్తుంది. మూడు నాలుగు రోజులకోసారి పొడి బ్రష్‌తో దులపడమే దారి.

ఎర్తింగ్ కూడా. మూడు వేరువేరుగా ఉండాలి: ప్యానెల్ ఫ్రేములకు ఒకటి, ఏసీ వైపు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. మూడూ ఒకే గుంటలో కలిపేస్తే పిడుగు కరెంటు నేరుగా ఇన్వర్టర్‌లోకి వస్తుంది. మన నేల రాయి, నిరోధం తగ్గదు. 5 ఓమ్‌ల లోపు వచ్చేదాకా మట్టి మార్చి, బెంటొనైట్ (తడి పట్టి ఉంచే బంకమట్టి) పోసి, మీటరుతో కొలిచి చూపించమనండి.

ఎర్రమల_కొండ (ఓర్వకల్లు)

బ్యాటరీ మీద ఇంకొంచెం. మీ కోత లెక్క: తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు నాలుగు 120 వాట్లు, లైట్లు 60, టీవీ 80, ఫ్రిజ్ సగటున 80. మొత్తం 340 వాట్లు. రెండు గంటలకు 0.68 యూనిట్, ఇన్వర్టర్ తినేదానితో 0.8. మీ ట్యూబులర్లు రెండూ కలిపి 3.6 యూనిట్లు, సగమే వాడాలనుకున్నా 1.8. అంటే సరిపోను ఉన్నాయి. నెట్ మీటరు (మీరు లైనుకు ఇచ్చిన యూనిట్లను తీసుకున్నవాటి నుంచి తీసేసే మీటరు) ఉన్నంతకాలం పగటి మిగులు దాచుకోవడానికి లైనే మీ బ్యాటరీ, అరుగుదల లేదు, పదీ పదిహేను శాతం నష్టమూ లేదు. ఈ రోజు లిథియం కొంటే బిల్లులో ఒక్క రూపాయి కూడా తగ్గదు.

కానీ నెట్ మీటరు ఎప్పటికీ ఇలాగే ఉంటుందని అనుకోలేం, ఇది నిజంగా పట్టించుకోవాల్సిన విషయం. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్తవాళ్లు లైనుకు ఇచ్చే యూనిట్ విలువ దాదాపు 75 శాతం తగ్గించారు. నెదర్లాండ్స్‌లో 2027 జనవరి 1 నుంచి నెట్ మీటరింగే ఎత్తేస్తున్నారు. పాకిస్తాన్ 2024లో ఒక్క ఏడాదే 17 గిగావాట్ల ప్యానెళ్లు దిగుమతి చేసుకుంది. డబ్బున్నవాళ్లు లైను వాడకం తగ్గించేసరికి స్తంభాలు, తీగల ఖర్చంతా మిద్దె లేనివాళ్ల మీద పడింది. మధ్యాహ్నం కరెంటు ఎవరికీ అక్కర్లేనంత పెరిగి, రాత్రి ఏడు గంటల యూనిట్ ఖరీదైనప్పుడు ఎక్కడైనా ఇదే జరుగుతుంది. అప్పుడు బ్యాటరీ లాభం అవుతుంది, అప్పటికి ఇంకా చవకగా దొరుకుతుంది. అందుకే ఇప్పుడు హైబ్రిడ్ కోసం అదనపు డబ్బు పెట్టొద్దంటున్నా.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

ట్యూబులర్లు పోయాక అదే ఇన్వర్టర్‌కు లిథియం పెట్టుకోవచ్చా? సోడియం బ్యాటరీలు వస్తున్నాయంటున్నారు, వాటికోసం చూడాలా?

నల్లమల_వోల్టు (కర్నూలు)

పెట్టుకోవచ్చు, ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ ఉంటేనే. ఎనిమిది సెల్లుల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీకి గరిష్ఠం 29.2 వోల్టులు. ట్యూబులర్ చార్జర్ నెలకోసారి ఈక్వలైజ్ అని 31 దాకా తీసుకుపోతుంది. బ్యాటరీ లోపల దాన్ని కాపాడే బోర్డు, బీఎంఎస్, వెంటనే తెంచేస్తుంది, ఇల్లు చీకటి. రెండు మూడేళ్లు అలా తెగుతూ ఉంటే బీఎంఎస్ స్విచ్‌లే పోతాయి. సెట్టింగ్ లేకపోతే ఇన్వర్టర్ కూడా మార్చాల్సిందే.

ఇంకోటి, మెట్లగది. పైన రేకు ఉంటే మేలో లోపల 50 దాటుతుంది. లిథియంను 45 పైన చార్జ్ చేస్తే ఆయుష్షు గబగబా కరుగుతుంది. పెట్టె మీద రాసిన 6,000 సైకిళ్లు 25 డిగ్రీల దగ్గరవి. బ్యాటరీని కింద ఇంట్లో, ఉత్తరం గోడ పక్కన పెట్టించండి.

సోడియం మంచి విద్యే, వేడికి బాగా తట్టుకుంటుంది, మన ఊళ్లకు తగినది. చైనా కంపెనీ సీఏటీఎల్ 2025 ఏప్రిల్‌లో కిలోకు 175 వాట్‌అవర్ల సెల్ ప్రకటించింది. కానీ సోడియం సెల్ 4 వోల్టుల నుంచి 1.5 దాకా జారుతుంది, లిథియం ఫాస్ఫేట్ 3.65 నుంచి 2.5 మధ్యే తిరుగుతుంది. ఇప్పుడున్న ఇన్వర్టర్లు సోడియం బ్యాటరీ పూర్తిగా ఖాళీ కాకముందే "బ్యాటరీ లో" అని ఆగిపోతాయి. దానికోసం చేసిన ఇన్వర్టర్లు బజారులో దొరికేదాకా కొనొద్దు. పైగా లిథియం కార్బొనేట్ ధర 2022 నవంబరులో టన్ను 6 లక్షల యువాన్ల దగ్గర ఉన్నది 2024లో లక్ష కిందికి పడింది, సోడియం చవక అన్న వాదన అక్కడే బలం కోల్పోయింది.

స్లాబు_లెక్క (అనంతపురం)

అర్జీ పెట్టే ముందు ఒకటి చూసుకోండి. కరెంటు సర్వీసు ఎవరి పేరు మీద ఉందో బ్యాంకు ఖాతా, ఆధార్ వాళ్లవే అయ్యుండాలి. మన ఇళ్లలో సగం సర్వీసులు తాతల పేరు మీదే ఉంటాయి. పేరు తేడా ఉంటే సోలార్ కట్టేశాక సబ్సిడీ దగ్గర ఆగిపోతుంది. ముందు పేరు మార్పు చేయించుకుని, ఆ తర్వాత పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో సర్వీసు నంబరుతో దరఖాస్తు పెట్టండి. 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన లేకుండానే ఒప్పుకున్నట్టు లెక్క. లోడు పెంచితే ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కు నెలకు రూ.10 పెరుగుతుంది. సబ్సిడీ వెండర్‌కు కాదు, మీ ఖాతాకే వస్తుంది. "సబ్సిడీ పోను ఇంతివ్వండి, మిగతాది మేం చూసుకుంటాం" అనేవాళ్ల దగ్గర రసీదు లేకుండా ఏమీ ఇవ్వొద్దు.

పెన్నేటి_గాలి (కడప)

బిగించిన రోజు చేయాల్సినవి. నాలుగు ప్యానెళ్లు వరసగా కలిపాక, ఇన్వర్టర్‌కు ఎక్కించకముందు డీసీ వోల్టేజి కొలవమనండి. 540 వాట్ల ప్యానెల్‌కు దాదాపు 49.5 వోల్టులు, నాలుగుకు 198. వేడెక్కిన ప్యానెల్‌తో మధ్యాహ్నం కొలిస్తే 175-180 వస్తుంది, అది సరే. 150 దగ్గర ఉంటే ఒక ప్యానెల్ కలవలేదు, లేదా కనెక్టర్‌లో పిన్ను దిగలేదు. ప్యానెల్ తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి ఉండాలి. వేరువేరు కంపెనీలవి పైకి అతికినట్టే ఉంటాయి, లోపల పట్టు వదులై, ఏడాదికి నల్లగా మాడతాయి. బిగింపు సరైన క్రింపింగ్ పనిముట్టుతో చేయాలి, కటింగ్ ప్లయర్‌తో నొక్కింది ఒప్పుకోవద్దు. డీసీ వైపు పెట్టిన ఎంసీబీ మీద డీసీ అని ఉందో లేదో కళ్లారా చూడండి, ఏసీది పెడితే తెంచినప్పుడు లేచే నిప్పు ఆరదు. ప్యానెల్ సీరియల్ నంబర్లు, డీసీఆర్ సర్టిఫికెట్, మూడు ఎర్తింగ్‌ల ఓమ్ కొలతలు, ఇన్వర్టర్ దగ్గర మధ్యాహ్నపు వోల్టేజి, అన్నీ ఒకే కాగితం మీద రాయించి వెండర్ సంతకం తీసుకోండి, చివరి విడత డబ్బు ఆ తర్వాతే.